కీళ్ల నొప్పి వెనకున్న జబ్బేదో తేల్చుకోవడం ఎలా: కీళ్లవాతం, దాని దాయాదులు

పొద్దున లేచి టూత్‌పేస్టు మూత తిప్పబోతే వేళ్లు నా మాట వినలేదు. నాకు కనిపించిన మొదటి గుర్తు అదే. దాన్ని నొప్పి అని కూడా అనలేను. చిన్నపిల్లల చేతితొడుగు బలవంతంగా నా చేతికి తొడిగినట్టు, వేళ్లు వంగడానికి చోటు చాలనట్టు ఉండేది. గంటన్నర గడిచేసరికి సడలేది. సడలింది కదా అని నేనూ మరిచిపోయేదాన్ని. అలా 14 నెలలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాను. ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్టు ముందు కూర్చునే నాటికి కుడి మణికట్టులో ఒక ఎముక అంచు కొరికేసినట్టు ఎక్స్‌రేలో కనిపించింది. పోయిన ఆ అంచు ఇక పెరగదు.

మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను. డాక్టరు చేయాల్సిన పనిని మీ చేతికివ్వడం నా ఉద్దేశం కాదు. పది నిమిషాల్లో డాక్టరుకు అసలు సంగతి అందాలంటే మీరు ఏం చూసుకోవాలి, ఏం రాసుకోవాలి, ఏం అడగాలి, జబ్బు తేలాక ఏం కనిపెట్టుకొని ఉండాలి అన్నది వరసగా చెబుతాను.

మన భాషలో కీళ్ల బాధలన్నిటికీ 'వాతం' అనే పేరొకటి స్థిరపడిపోయింది. మోకాలు అరిగినా వాతమే, జ్వరం తగ్గాక ఒళ్లు పట్టేసినా వాతమే. యూరప్ వైద్యంలోనూ చాలాకాలం ఇలాగే నడిచింది. 'రుమాటిక్ గౌట్' అంటూ వేర్వేరు జబ్బులను ఒకే గాటన కట్టేవారు. ఆల్ఫ్రెడ్ గారడ్ అనే ఆంగ్ల వైద్యుడు 1848లో గౌట్ (ఎక్కువగా కాలి బొటనవేలును ఉన్నట్టుండి పట్టే కీళ్ల జబ్బు) రోగుల రక్తంలో యూరిక్ యాసిడ్ పేరుకుంటుందని చూపించాడు. ఆ యాసిడ్‌తో సంబంధం లేని రెండో జబ్బుకు 1859లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని వేరే పేరు పెట్టాడు. ఇక్కడ నేను కీళ్లవాతం అన్నప్పుడల్లా ఆ ఒక్క జబ్బునే ఉద్దేశిస్తున్నాను.

ఇందులో జరిగేది ఇది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ కీలు లోపలి పలుచని పొర మీదికి తిరగబడుతుంది. ఆ పొర ఉబ్బి, దట్టమై, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ తినడం మొదలుపెడుతుంది. ఇదే తిరుగుబాటు చర్మం మీద జరిగితే సొరియాసిస్, పేగుల్లో జరిగితే క్రోన్స్ జబ్బు లేదా అల్సరేటివ్ కొలైటిస్, స్నాయువులు వెన్నెముకకు అంటుకునే చోట జరిగితే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్, కన్నీటి, లాలాజల గ్రంథుల్లో జరిగితే షోగ్రెన్స్, ఒళ్లంతా చెదురుమదురుగా జరిగితే లూపస్. వీటన్నిటికీ కీళ్లను పట్టే అలవాటు ఉంది. వీటిని నేను దాయాదులు అంటాను. పోలికలు ఒకటే, ఇళ్లు మాత్రం వేరు. ఒక ఇంట్లో పనిచేసిన మందు పక్కింట్లో పనిచేయకపోవచ్చు, ఒక్కోసారి హాని కూడా చేయవచ్చు. జబ్బు పేరు తేలాలని ఇంత పట్టుబట్టేది అందుకే.

1. ముందు గడియారం చూడండి

నొప్పి ఎంత ఉందని అడిగితే అందరం 'చాలా' అనే అంటాం. ఆ జవాబు డాక్టరుకు పెద్దగా ఉపయోగపడదు. ఉపయోగపడే కొలత ఒకటుంది: నిద్ర లేచిన దగ్గర నుంచి కీళ్లు మామూలుగా కదలడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది? మంచం పక్కన ఒక కాగితం పెట్టుకొని వారం రోజులు ఈ అంకె రాయండి. లెక్క తెలియకపోతే చొక్కా గుండీలన్నీ ఎన్ని నిమిషాల్లో పెట్టుకోగలిగారో రాసినా చాలు.

వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలలో పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపే తగ్గిపోతుంది. వాడేకొద్దీ, సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. కూర్చుంటే హాయి. కీళ్లవాతంలో వ్యవహారం తలకిందులు. బిగుతు అరగంట దాటుతుంది, చాలామందిలో గంట పైనే. కదిలేకొద్దీ తేలికవుతుంది, కాసేపు ఊరికే కూర్చుంటే మళ్లీ పట్టేస్తుంది. వాపును రగిలించే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీను ఈ రోగుల రక్తంలో తెల్లవారుజామున ఎక్కువవుతుంది. పొద్దుట ప్రాణం విసిగిపోవడానికి అదొక కారణం. మీ బద్ధకం కాదు, దయచేసి ఇంట్లోవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

2. చేతులను వెలుతురులో పెట్టి చూడండి

కిటికీ పక్కన రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టండి. తరువాత నెమ్మదిగా పిడికిలి బిగించండి. మామూలు చేతిలో పిడికిలి కణుపుల మధ్య చిన్న చిన్న లోయలు కనిపిస్తాయి. కీలు వాచినప్పుడు ఆ లోయలు పూడిపోయి, కణుపుల వరస నున్నటి గట్టులా అవుతుంది. నా పాత ఫొటోలు తిరగేసినప్పుడు గమనించాను, జబ్బు పేరు తెలియడానికి ఏడాది ముందే నా కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మధ్య లోయ మాయమైంది. ఉంగరం కణుపు దాటడం లేదని అప్పుడు బరువు పెరిగాననుకున్నాను.

ఇప్పుడు వేలి కీలును రెండు పక్కల నుంచీ మెల్లగా నొక్కండి. రాయిలా గట్టిగా తగిలితే అది ఎముక పెరుగుదల కావచ్చు, అరుగుదలలో అలా ఉంటుంది. వేలి చివరి కణుపు, అంటే గోటికి దగ్గరగా ఉన్నది, ఇలా గడ్డకడితే అరుగుదల అనుమానం ఇంకా బలపడుతుంది. మెత్తగా, నీళ్లు నిండిన చిన్న దిండులా తగిలితే పొర వాచినట్టు. కీళ్లవాతం సాధారణంగా పిడికిలి కణుపులను, వేలి మధ్య కణుపులను, మణికట్టును, పాదంలో వేళ్ల మొదళ్లను పడుతుంది. గోటి పక్క కణుపును చాలావరకు వదిలేస్తుంది. ఎవరైనా కరచాలనం చేస్తున్నట్టు మీ అరచేతిని అడ్డంగా మెల్లగా నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి పుడుతోందా? పాదాన్నీ అలాగే వేళ్ల మొదట్లో నొక్కి చూడండి. పొద్దున మంచం దిగి నేల మీద అడుగు పెడితే గులకరాళ్ల మీద నడుస్తున్నట్టుందా?

రెండు వైపులా ఒకే తీరుగా ఉందా అన్నదీ రాయండి. కీళ్లవాతం సాధారణంగా ఎడమకు ఒకటి, కుడికి ఒకటి చొప్పున జతగా పడుతుంది. మొదట్లో మాత్రం ఒకవైపే కనిపించవచ్చు కాబట్టి ఈ ఒక్కదాని మీదే తీర్పు ఇచ్చేయకండి.

ఒకే ఒక్క కీలు ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా, వేడిగా ఉబ్బి, జ్వరం కూడా ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కీలులో చీము పట్టడం కావచ్చు, అది రోజుల్లోనే కీలును నాశనం చేస్తుంది. కీళ్లవాతం ఉండి మందులు వాడుతున్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. 'పాత జబ్బే మళ్లీ రేగింది' అనుకొని ఇంట్లో ఉండిపోకూడదు.

3. కీళ్లను వదిలేసి మిగతా ఒళ్లంతా వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది ఈ అడుగే వేయరు. మోకాలి నొప్పికి ఒక డాక్టరు, తలలో పొట్టుకు ఇంకొకరు, కంటి ఎరుపుకు మరొకరు. ఈ మూడూ ఒకే జబ్బు ముఖాలని ఎవరికీ తట్టదు, ఎందుకంటే మూడింటినీ ఒకచోట చూసినవారు లేరు. అలా చూడగలిగింది మీరు ఒక్కరే.

చర్మంతో మొదలుపెట్టండి. మోచేతుల వెనక, మోకాళ్ల మీద మాత్రమే చూసి వదిలేయకండి. తలలో జుట్టు మొదళ్లు, చెవుల వెనక, బొడ్డు లోపల, పిరుదుల మధ్య గాడి కూడా వెతకండి. సొరియాసిస్ ఒక్కోసారి అక్కడ ఎవరికీ కనిపించకుండా ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. తరువాత గోళ్లు. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలున్నాయా? గోరు కింద నుంచి లేచిపోతోందా? ఒక వేలు మొత్తం, కణుపు దగ్గరే కాకుండా మొదలు నుంచి చివరి దాకా, సమంగా లావెక్కిందా? ఇవి సొరియాటిక్ ఆర్థరైటిస్ గుర్తులు. సొరియాసిస్ ఉన్నవారిలో నూటికి 20 నుంచి 30 మందికి ఇది రావచ్చు. ఎక్కువమందిలో చర్మం ముందు, కీళ్లు తరువాత. కొందరిలో కీళ్లే ముందు పట్టుకుంటాయి. అలాంటప్పుడు అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా సొరియాసిస్ ఉందేమో అడిగి తెలుసుకోవాలి.

ముఖం మీద ముక్కు దూలానికి అటూ ఇటూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రదనం, ఎండలోకి వెళ్తే దద్దుర్లు, దువ్వెన నిండా జుట్టు, నోట్లో నొప్పిలేని పుండ్లు, మూత్రంలో నురుగు. ఇవి కీళ్ల నొప్పులతో కలిసి వస్తే లూపస్‌ను తలచుకోవాలి. లూపస్ రోగుల్లో పదికి తొమ్మిదిమంది ఆడవాళ్లే. అందులో కీళ్లు నొప్పి పుట్టినా ఎముక సాధారణంగా తినేయబడదు, కానీ అది మూత్రపిండాలను చడీచప్పుడు లేకుండా పాడుచేయగలదు. అందుకే మూత్రం పరీక్ష తప్పించుకోకండి.

కళ్లు, నోరు. కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, గొంతు తడుపుకోకుండా పొడి తిండి మింగలేకపోవడం, దంతాలు ఉన్నట్టుండి పుచ్చిపోవడం షోగ్రెన్స్ గుర్తులు. ఇది విడిగానూ వస్తుంది, కీళ్లవాతం వెనకే తోడుగానూ వస్తుంది. నీళ్లు తాగడం తగ్గిందేమో అనుకొని నేను రెండేళ్లు పట్టించుకోలేదు. కన్ను ఒక్కసారిగా ఎర్రబడి, లోపల నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే మాత్రం ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. స్పాండిలైటిస్ వాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కంటి లోపల ఇలాంటి వాపు వస్తుంది.

నడుం నొప్పి ఎలాంటిదో గమనించండి. 45 ఏళ్లలోపే మొదలై, మూడు నెలలు దాటి, రాత్రి రెండో సగంలో నిద్ర లేపి, నాలుగు అడుగులు వేస్తే తగ్గి, పడుకుంటే పెరుగుతుంటే అది బరువులెత్తడం వల్ల వచ్చిన నొప్పి కాకపోవచ్చు. యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ ఇలాగే మాట్లాడుతుంది. కీళ్లవాతం నడుమును సాధారణంగా ముట్టుకోదు, మెడను ముట్టుకుంటుంది.

పొట్ట గురించి చెప్పడానికి సిగ్గుపడకండి. వారాల తరబడి విరేచనాలు, మలంలో రక్తం, జిగట, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే పేగుల వాపు జబ్బు కీళ్లదాకా వచ్చి ఉండవచ్చు. విరేచనాలో, మూత్రంలో మంటో వచ్చి తగ్గిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో మోకాలో చీలమండో వాస్తే దాన్ని రియాక్టివ్ ఆర్థరైటిస్ అంటారు.

ఈమధ్య వచ్చిన జ్వరాలు కూడా రాయండి. చికున్‌గున్యా తగ్గాక కీళ్లు వారాలు, కొందరిలో నెలల తరబడి అచ్చం కీళ్లవాతంలాగే వేధిస్తాయి. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, పిల్లల్లో బుగ్గలు ఎర్రబరిచే పార్వోవైరస్ కూడా పెద్దవాళ్ల కీళ్లను పడతాయి.

గౌట్‌ది మాత్రం పూర్తిగా వేరే తీరు. రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లారేసరికి కాలి బొటనవేలు మీద దుప్పటి కూడా భరించలేడు. వారం పది రోజుల్లో అదే తగ్గిపోతుంది, మళ్లీ ఎప్పుడో వస్తుంది. ఆ దాడి నడుస్తున్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కూడా కనిపించవచ్చు, కాబట్టి తగ్గాక మళ్లీ పరీక్ష చేయిస్తారు.

50 ఏళ్లు దాటాక రెండు భుజాలూ, రెండు తొడల మొదళ్లూ పొద్దుట ఎత్తలేనంతగా పట్టేస్తుంటే పాలీమయాల్జియా రుమాటికా అనే ఇంకో దాయాది ఉంది. దానితోపాటు కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే అత్యవసర వైద్యం కావాలి. తల రక్తనాళాల వాపు వల్ల చూపు శాశ్వతంగా పోవచ్చు.

4. ఆరు వారాలు నిండేదాకా ఆగకండి

వైరస్ వల్ల వచ్చిన కీళ్ల వాపు చాలావరకు ఆరు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. కీళ్లవాతాన్ని లెక్కగట్టే వర్గీకరణ ప్రమాణాల్లో ఆరు వారాల ప్రస్తావన ఉండడం నిజమే. అది డాక్టర్ల లెక్క, మీరు ఇంట్లో ఎదురుచూడాల్సిన గడువు కాదు. వాపు కంటికి కనిపిస్తూ, రెండు మూడు వారాలుగా తగ్గకపోతే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఎముక కోత చాలామందిలో మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. మొదటి కొన్ని నెలల్లో సరైన మందు పడితే జబ్బు పూర్తిగా అణిగే అవకాశం ఎక్కువ.

వెళ్లాల్సింది రుమటాలజిస్టు దగ్గరికి. ఎముకల డాక్టరు, అంటే ఆర్థోపెడిక్ సర్జన్, విరిగిన, అరిగిన ఎముకల నిపుణుడు. రుమటాలజిస్టు రోగనిరోధక వ్యవస్థ తిరగబడిన జబ్బుల నిపుణుడు. నా 14 నెలల్లో సగం ఈ తేడా తెలియకే పోయాయి.

ఒకే ఒక్క పేజీ తీసుకెళ్లండి. పైన: ఏ నెలలో, ఏ కీలుతో మొదలైంది. మధ్యలో: పొద్దుటి బిగుతు నిమిషాలు, వాచిన కీళ్ల పేర్లు, మూడో అడుగులో దొరికిన గుర్తులు. కింద: వాడిన ప్రతి మాత్ర, సూది మందు, పేరులేని పొడి, లేహ్యం సహా. పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండే ప్రమాదం నిజంగానే ఉంది. వాటితో వాపు తాత్కాలికంగా అణిగి పరీక్షలన్నీ తప్పుదారి పట్టవచ్చు. వాపు వస్తూ పోతూ ఉంటే ఉన్న రోజే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరును కలిసే రోజున చేతులు బుద్ధిమంతుల్లా ఉండడం చాలామందికి అనుభవమే.

5. రిపోర్టు చేతికి వచ్చాక

ముందు ఒక అపోహ. 'ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చింది, నాకు కీళ్లవాతం' అంటారు. అంత తేలిక కాదు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అంటే రక్తంలో కనిపించే ఒక ప్రతిరక్షకం. కీళ్లవాతం ఉన్నవారిలో నూటికి 70, 80 మందిలో ఇది కనిపిస్తుంది. షోగ్రెన్స్‌లో, హెపటైటిస్ సిలో, క్షయలో, ఏ జబ్బూ లేని కొందరు పెద్దవయసువారిలో కూడా కనిపిస్తుంది. యాంటీ-సీసీపీ అనే మరో ప్రతిరక్షకాన్ని వెతకడం ఇంకా నమ్మదగిన పరీక్ష. అది పాజిటివ్ అయితే కీళ్లవాతమే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. కొందరిలో జబ్బు బయటపడడానికి ఏళ్ల ముందు నుంచే రక్తంలో ఉంటుంది.

రెండూ నెగటివ్ వచ్చినా కీళ్లవాతం కాదని తేలినట్టు కాదు. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో 10కి 6 మార్కులు వస్తే కీళ్లవాతంగా లెక్కిస్తారు. చిన్న కీళ్లతో కలిపి పదికి మించి కీళ్లు వాస్తే 5 మార్కులు, ఆరు వారాలు దాటితే 1. రక్త పరీక్షలన్నీ బాగున్నా అలా 6 రావచ్చు. అయితే ఆ మార్కులు వేసే ముందు మిగతా దాయాదులెవరూ కారని డాక్టరు తేల్చుకోవాలి. నెగటివ్ రిపోర్టు ఉన్నప్పుడు గోళ్ల గుంటలకూ, నడుం నొప్పికీ విలువ ఇంకా పెరుగుతుంది.

ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్త పరీక్షలు ఒంట్లో ఎక్కడో నిప్పు రాజుకుందని చెబుతాయి, ఎక్కడో చెప్పవు. జలుబుకూ పెరుగుతాయి. ఈఎస్‌ఆర్ వయసుతో, రక్తహీనతతో, గర్భంతో కూడా పెరుగుతుంది. ఏఎన్‌ఏ లూపస్ వెతకడానికి చేస్తారు, కానీ తక్కువ మోతాదులో ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. ఆ ఒక్క కాగితం చూసి కంగారు పడొద్దు. స్పాండిలైటిస్ అనుమానంతో చూసే హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువు కూడా అంతే, అది ఉన్నవారిలో చాలామందికి ఏ జబ్బూ రాదు. ఏఎస్‌ఓ అన్నది గొంతు నొప్పి తరువాత పిల్లల గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరానికి సంబంధించిన పరీక్ష. పేరు దగ్గరగా ఉన్నా ఆ జబ్బు వేరు.

మొదట్లో ఎక్స్‌రే మామూలుగా ఉండడం సహజం. అనుమానం మిగిలితే కీలుకు అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ ఉపయోగపడుతుందేమో అడగండి. అవి పొర వాపును ముందే పట్టుకుంటాయి.

6. మందు మొదలుపెట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి

'నాకు ఇంకా ఫలానా జబ్బు ఉంది, ఈ మందు దానికి పడుతుందా?' అన్నది మొదటి ప్రశ్న. దాయాదుల మధ్య మందుల కథ విచిత్రమైనది. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్స్ 1930ల చివర్లో కీళ్లవాతం కోసమని సల్ఫాసలజిన్ తయారు చేయించింది. అది అల్సరేటివ్ కొలైటిస్‌కు కూడా గొప్పగా పనిచేసింది. కీలుకు చేసిన మందు పేగుకు పనికొచ్చిందంటే రెండు చోట్లా తిరుగుబాటులో ఉమ్మడి అంశం ఉందన్నమాట. టీఎన్‌ఎఫ్ అనే వాపు ప్రొటీనును అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాక ఈ బంధుత్వం బాగా బయటపడింది. కీళ్లవాతం, సొరియాసిస్, స్పాండిలైటిస్, క్రోన్స్ అన్నీ వాటికి లొంగాయి.

అయితే పోలిక చూసి మోసపోకూడదు. అదే టీఎన్‌ఎఫ్ మందుల్లో ఒకటైన ఎటనర్‌సెప్ట్ కీళ్లకు బాగా పనిచేస్తుంది, క్రోన్స్‌కు పనిచేయదు. ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే మందులు సొరియాసిస్‌లో, స్పాండిలైటిస్‌లో చక్కగా పనిచేస్తాయి, పేగుల వాపు ఉన్నవారిలో ఆ వాపును రెచ్చగొట్టగలవు. స్టెరాయిడ్ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే సొరియాసిస్ ఒళ్లంతా విజృంభించవచ్చు. తీవ్రమైన గుండె వైఫల్యం, నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారికి టీఎన్‌ఎఫ్ మందులు వద్దంటారు. మీ మలబద్ధకం, విరేచనాలు, పొట్టు, కంటి ఎరుపు అన్నీ డాక్టరుకు చెప్పాలని నేను బతిమాలేది ఇందుకే.

కీళ్లవాతంలో మొదటి మందు ఎక్కువగా మెథోట్రెక్సేట్. దీని గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది: ఇది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఆ ఒక్క రోజును ఎర్ర సిరాతో చుట్టండి, మందు పెట్టె మీద కూడా సోమవారమో మంగళవారమో ఆ రోజు పేరు రాయండి, మీరు లేనప్పుడు మందు ఇచ్చేవారికి చెప్పండి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు ఇస్తారు, అది దుష్ప్రభావాలు తగ్గించడానికి. ప్రభావం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మధ్యలో పనిచేయలేదని మానేయకండి. రక్తకణాలకు, కాలేయానికి క్రమం తప్పకుండా పరీక్షలు ఉంటాయి. మద్యం అలవాటుంటే దాచకండి. గర్భంతో ఉన్నప్పుడు ఇది అసలు వాడకూడదు. పిల్లల కోసం అనుకుంటున్నవారు ముందే డాక్టరుతో మాట్లాడి, చెప్పినంతకాలం ముందుగా ఆపాలి. గర్భంలో వాడదగిన మందులు వేరే ఉన్నాయి కాబట్టి భయపడి ఆశ వదులుకోనక్కర్లేదు.

నొప్పి మాత్ర నొప్పినే తగ్గిస్తుంది, ఎముక కోతను ఆపదు. స్టెరాయిడ్ వాపును వేగంగా ఆర్పుతుంది. 1948లో ఫిలిప్ హెంచ్ మంచం దిగలేని ఒక రోగికి కార్టిజోన్ ఇస్తే రోజుల్లో నడిచింది, 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం, కంటిలో శుక్లాలు రావడం కూడా ఆ కాలంలోనే తెలిసివచ్చింది. అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా వంతెనలా, తక్కువ మోతాదులో, తక్కువకాలం వాడడం మంచి పద్ధతి. సొంతంగా పొడిగించకండి, ఒక్కసారిగా మానేయకండి.

టీఎన్‌ఎఫ్ మందుల్లాంటి బయలాజిక్ ఇంజెక్షన్లు, వాపు సంకేతాలను కణం లోపలే అడ్డుకునే జాక్ మాత్రలు ఇచ్చేముందు క్షయ, హెపటైటిస్ బి ఒంట్లో దాగి లేవని పరీక్షిస్తారు. చేయలేదంటే గుర్తు చేయండి. అవసరమైన టీకాలు కూడా ముందే అడిగి వేయించుకోండి, ఎందుకంటే బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలు ఆ తరువాత వేయరు.

7. జబ్బు తేలాక కీళ్లు కాక ఇంకేం చూసుకోవాలి

కీళ్లవాతం కీళ్లలో ఆగే జబ్బు కాదు. ఒంట్లో ఏళ్ల తరబడి రగిలే వాపు రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది కాబట్టి గుండెపోటు ముప్పు మిగతావారికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. బీపీ, కొలెస్ట్రాల్, చక్కెర క్రమంగా చూపించుకోండి. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, తగ్గని పొడి దగ్గు ఉంటే ఊపిరితిత్తుల కణజాలంలో వాపు కావచ్చు, చెప్పండి. ఎముకల గట్టిదనం పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి. కీళ్లవాతానికి ఇచ్చే మరో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడితే కంటి రెటీనా పరీక్ష మొదట్లో ఒకసారి, ఐదేళ్ల తరువాత ఏటా.

పొగ తాగేవారైతే ఈ జాబితాలో మొదటి పని అది మానడమే. పొగ ఊపిరితిత్తుల్లో ప్రొటీన్ల రూపాన్ని మారుస్తుంది, ఆ మారిన ప్రొటీన్ల మీదే యాంటీ-సీసీపీ ప్రతిరక్షకాలు తయారవుతాయి. పొగ తాగేవారిలో మందులూ అంతగా పనిచేయవు. చిగుళ్ల జబ్బుకూ కీళ్లవాతానికీ సంబంధం ఉంది కాబట్టి చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లండి. వంశపారంపర్యమా అని పిల్లల గురించి బెంగపడేవారికి ఒక మాట: ఒకే పోలిక కవలల్లో ఒకరికి కీళ్లవాతం ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం నూటికి 15 చుట్టుపక్కలే. జన్యువులు దారి వేస్తాయి, ఆ దారిన నడిపించేవి వేరే చాలా ఉన్నాయి.

కీళ్లను కదిలిస్తూ ఉండండి. వాచిన రోజుల్లో మెల్లగా వంచి చాచడం, తగ్గిన రోజుల్లో నడక, కండరాల బలం పెంచే వ్యాయామం. గట్టి మూతలను వేళ్లతో పిసికి తిప్పకుండా అరచేతి అడుగు భాగంతో నొక్కి తిప్పండి. సంచిని వేళ్లకు తగిలించుకోకుండా ముంజేతికి వేసుకోండి.

రెండో జబ్బు కొత్తగా వచ్చి చేరడం కూడా జరుగుతుంది. కీళ్లవాతం ఉన్నవారిలో థైరాయిడ్ మందగించడం మామూలుకన్నా ఎక్కువ. అది వస్తే ఒళ్లు బరువుగా, కండరాలు నొప్పిగా ఉంటాయి, కీళ్లవాతమే ముదిరిందనిపిస్తుంది. కీళ్లు వాచకుండానే అలసట, నొప్పి పెరిగితే మందు మోతాదు పెంచే ముందు థైరాయిడ్ పరీక్ష, రక్తహీనత పరీక్ష అడగండి. నిద్ర పట్టకపోవడం, ఒళ్లంతా ముట్టుకుంటే నొప్పి ఉంటే ఫైబ్రోమయాల్జియా తోడైందేమో అడగండి, దానికి వాపు మందులు పనిచేయవు.

చివరగా మెడ సంగతి. చాలా ఏళ్లుగా కీళ్లవాతం ఉన్నవారిలో మెడ పైభాగంలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు సడలవచ్చు. ఏ శస్త్రచికిత్సకు వెళ్లినా, అది పంటిదైనా కంటిదైనా, మత్తు ఇచ్చే డాక్టరుకు మీ జబ్బు పేరు, మీరు వాడే మందుల పేర్లు ముందే చెప్పండి. గొంతులోకి ఊపిరి గొట్టం వేయడానికి మెడను వెనక్కి వంచేముందు ఎక్స్‌రే తీయాలో లేదో ఆయన నిర్ణయిస్తారు. నేను ఈ రెండు సంగతులూ ఒక చిన్న అట్టముక్క మీద రాసి పర్సులో పెట్టుకున్నాను, మందు మారినప్పుడల్లా కొత్తది రాస్తాను.